ఊరి అడవికి ఊరి పేరున పట్టా

ప్రశ్న: మా గూడెంలో చాలామందికి పోడు పట్టాలు వచ్చాయి. పక్క కొండ మీది అడవి కూడా తాతల నాటి నుంచి మేం వాడుకుంటున్నదే. ఇప్పపువ్వు, అడ్డాకులు, కరక్కాయలు, తేనె అక్కడి నుంచే తెచ్చుకుంటాం. బయటివాళ్లు చెట్లు కొట్టుకుపోతుంటే అడ్డం వెళితే ‘అడవి ఫారెస్టోళ్లది, మీకేం పని’ అంటున్నారు. మాకు అడిగే హక్కు లేదా?

జవాబు: ఉంది. మీరు ఆర్‌ఓఎఫ్‌ఆర్ అని పిలిచే 2006 నాటి అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. సంప్రదాయంగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవిని రక్షించుకునే, తిరిగి పెంచుకునే, నిర్వహించుకునే హక్కును సెక్షన్ 3(1)(ఐ) ఊరికి ఇచ్చింది. దీన్నే సామాజిక అటవీ వనరుల హక్కు అంటారు. అడవికి, వన్యప్రాణులకు, నీటి వనరులకు హాని చేసే పనుల్ని ఆపుతూ గ్రామసభ నిర్ణయం తీసుకోవచ్చని, దాన్ని అమలు చేయించాలని సెక్షన్ 5 చెబుతోంది.

మరి చిక్కంతా ఎక్కడుంది? పోడు భూమికి ఫారం-ఎ పెట్టాం, పట్టా తెచ్చుకున్నాం. ఊరి అడవికి పెట్టాల్సింది ఫారం-సి. దాని ఊసెత్తినవాళ్లే తక్కువ. పోడు పట్టా ఒక కుటుంబానికి నాలుగు హెక్టార్లు మించదు. ఫారం-సి ద్వారా ఊరి హద్దుల్లోని అడవి మొత్తం మీద ఊరందరికీ హక్కు వస్తుంది, భూమి లేనివాళ్లకు కూడా. నా దృష్టిలో ఈ చట్టంలో అన్నిటికన్నా విలువైన హక్కు ఇదే.

‘మాకు వీఎస్‌ఎస్ ఉంది కదా’ అంటారు కొందరు. వన సంరక్షణ సమితి అటవీశాఖ పథకం కింద ఏర్పడింది. చట్టం హక్కు ఇచ్చింది సమితికి కాదు, గ్రామసభకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సమితుల పేరున పట్టాలిచ్చిన ఊళ్లున్నాయి. మీ ఊరికి సామూహిక పట్టా ఏదైనా వచ్చి ఉంటే, అది ఎవరి పేరున ఉందో తీసి చూడండి. సమితి పేరున ఉంటే గ్రామసభ పేరుకు మార్చమని తీర్మానం చేసి కలెక్టరుకు పంపండి.

ఫారం-సికి ప్రాణం హద్దులే. ఊరి పెద్దవాళ్లను, అడవికి రోజూ వెళ్లే ఆడవాళ్లను వెంటబెట్టుకుని అడవి చుట్టూ తిరగండి. ఏ వాగు దగ్గర మీ అడవి మొదలవుతుంది, ఏ గుట్ట దగ్గర పక్క ఊరిది తగులుతుంది, పశువుల్ని ఎక్కడ మేపుతారు, దుంపలు ఎక్కడ తవ్వుతారు, చేపలు పట్టే మడుగు, దేవత చెట్టు, పాత శ్మశానం... వీటన్నిటికీ పేర్లు పెట్టి చేతిగీత పటంలో గుర్తించండి. ఈ చట్టం కింద చేసిన నిబంధనల్లో 13వ నిబంధన ప్రకారం ఇవన్నీ సాక్ష్యాలే. హక్కు అడుగుతున్నవారు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాయించుకుంటే అదీ సాక్ష్యమే. కాగితాలు లేవని వెనక్కి తగ్గక్కర్లేదు. ఉపగ్రహ చిత్రం ఒక్కటే చూసి కాదనడానికీ వీల్లేదు. పక్క ఊరితో హద్దు పేచీ ఉంటే రెండు ఊళ్ల గ్రామసభలు వేసుకున్న అటవీ హక్కుల కమిటీలూ కలిసి కూర్చుని ముందే తేల్చుకోండి. పేచీని పైకి మోసుకెళితే ఏళ్లు గడిచిపోతాయి.

మీ అటవీ హక్కుల కమిటీ అడవి పరిశీలనకు వెళ్లే రోజును అటవీశాఖకు ముందుగా రాతపూర్వకంగా తెలపాలి, ఆ కాగితం నకలు మీ దగ్గర ఉండాలి. వాళ్లు రాకపోయి, తర్వాత ‘మేం లేనప్పుడు చేశారు’ అని అభ్యంతరం పెడితే మళ్లీ పరిశీలన జరుగుతుంది. రెండోసారీ రాకపోతే గ్రామసభ నిర్ణయమే అంతిమమని 12ఎ నిబంధన చెబుతోంది. చాలా ఊళ్లకు తెలియని నిబంధన ఇది.

తీర్మానం చేసే గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో సభను పంచాయతీ కేంద్రంలో కాకుండా గూడెంలోనే పెట్టుకోవచ్చు, కాబట్టి కోరం కష్టం కాదు. తీర్మానం సబ్‌డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టరు అధ్యక్షతలోని జిల్లా కమిటీకి వెళుతుంది. తిరస్కరిస్తే కారణాలు రాసివ్వాలి. అప్పీలుకు గడువు 60 రోజులు.

పట్టా వచ్చాక ఏం మారుతుందో మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మేండా లేఖా గ్రామం చూపించింది. తెలంగాణను ఆనుకుని ఉన్న జిల్లా అది. ఆ గోండు గ్రామానికి 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై హక్కు వచ్చింది. అయినా వెదురు అమ్ముకోవడానికి రవాణా పర్మిట్లు దొరకలేదు. చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లోనే చేర్చిందని గ్రామస్థులు పట్టుబట్టారు. చివరికి 2011లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఆ ఊరికి వెళ్లి పర్మిట్ల పుస్తకాన్ని గ్రామసభ చేతికిచ్చారు. 2012లో నిబంధనల్ని సవరించాక పర్మిట్లు ఇచ్చే అధికారం దేశమంతటా గ్రామసభ కమిటీలదే. సేకరణ మీద రాయల్టీగానీ రుసుముగానీ వసూలు చేయకూడదు.

హక్కుతో పాటు హద్దులూ తెలుసుకోండి. ఈ చట్టం కలప నరుక్కోమనలేదు, వేటకు అనుమతి ఇవ్వలేదు. ఎంత కోయాలి, ఏ చెట్టును ఎన్నేళ్లు వదిలేయాలి, ఎండాకాలం నిప్పు కాపలా ఎవరిది అన్నది గ్రామసభే కమిటీ వేసి, ప్రణాళిక రాసుకుని నడుపుకోవాలి. తేనె కోసం చెట్టునే పడగొట్టే అలవాటు ఎక్కడైనా ఉంటే దాన్ని మాన్పించాల్సింది మీరే.

గిరిజనుల అటవీ హక్కుల అనుభవానికి అడ్డుపడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. లాయరు ఖర్చుకు భయపడకండి. ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. వచ్చే గ్రామసభలో ‘మన ఊరి ఫారం-సి పెట్టామా?’ అని లేచి అడగండి. లేదంటే ఆ రోజే తీర్మానం రాయించి, నకలు తీసుకోండి.