ఖాళీ చేతులతో కూర్చోకండి

కథ రాద్దామని కూర్చుంటారు. ల్యాప్‌టాప్‌లో కొత్త ఫైలు తెరుస్తారు. మొదటి వాక్యం రాస్తారు, చెరిపేస్తారు. మళ్ళీ రాస్తారు, మళ్ళీ చెరిపేస్తారు. టీ పెట్టుకుందామని లేస్తారు. ఈలోగా వాట్సాప్‌లో ఎవరో పలకరిస్తారు. పడుకునే వేళకి ఫైలు ఖాళీగానే ఉంటుంది, మనసులో మాత్రం ఒక మాట నాటుకుపోతుంది: నాకు రాయడం రాదేమో!

కెనడాలో, బ్రాంప్టన్‌లోనో కాల్గరీలోనో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని స్విమ్మింగ్ క్లాసులకి తిప్పుతూ, ఎప్పటికైనా తెలుగులో ఒక మంచి కథ రాయాలని కోరుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. కాగితం ముందుకి ఖాళీ చేతులతో రాకండి. రాసుకోవడానికి ఒక చిన్న ముక్క వెంట తెచ్చుకుంటే ఆ భయం సగం తగ్గుతుంది.

'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' రాసిన లూసీ మాడ్ మాంట్‌గోమరీ సంగతే చూడండి. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లోని కావెండిష్ పల్లెలో అమ్మమ్మకి తోడుగా ఉంటూ, ఇంట్లోనే నడిచే పోస్టాఫీసు పని చూస్తూ, పత్రికలకి కథలూ కవితలూ పంపుతుండేది. ఒకసారి పిల్లల పత్రిక ఒకదానికి చిన్న సీరియల్ రాయాల్సి వచ్చింది. ఆమె ముందుగా తీసింది తెల్లకాగితాన్ని కాదు, తన పాత నోటుపుస్తకాన్ని. తోచిన ఊహలన్నీ అందులో గిలికిపెట్టుకునే అలవాటు ఆమెది. వెతగ్గా వెతగ్గా, ఏళ్ళ కిందట రాసిపెట్టుకున్న ముక్క ఒకటి కంటపడింది. వయసు మళ్ళిన ఒక జంట పెంచుకోవడానికి మగపిల్లవాణ్ణి పంపమని అనాథాశ్రమాన్ని అడిగితే, పొరపాటున ఆడపిల్ల వస్తుంది. అంతే! పేర్లు లేవు, ఊరు లేదు, ముగింపు అసలే లేదు.

ఏడు అధ్యాయాల సీరియల్ అనుకుని మొదలుపెట్టింది. పగటి పనులయ్యాక సాయంత్రాలు రాసుకుంటూ పోతే అది నవలైంది. నోటుపుస్తకంలోని ఆ జంట నవలలోకి వచ్చేసరికి మాథ్యూ, మరిల్లా అనే అన్నాచెల్లెళ్ళయ్యారు. తాను రాసిపెట్టుకున్నదానికే ఆమె కట్టుబడి ఉండలేదన్నమాట. ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు తిప్పిపంపితే రాతప్రతిని టోపీల పెట్టెలో పడేసింది. తర్వాత ఎప్పుడో బయటికి తీసి మళ్ళీ పంపింది. 1908లో పుస్తకం అచ్చయింది. ఇప్పటికీ ఆ పల్లెకి లోకం నలుమూలల నుంచి పాఠకులు వెళ్తూనే ఉన్నారు.

ఫోన్లో వేలకి వేలు ఫొటోలు దాచుకునే మనం రోజుకి రెండు వాక్యాలు దాచుకోలేమా? అదే ఫోన్లో కథల ముక్కలకని ఒక నోట్ తెరవండి. టొరంటో యూనియన్ స్టేషన్ నుంచి ఇంటికొచ్చే గో ట్రైన్‌లో రాయండి. టైపు చెయ్యడం కష్టమనిపిస్తే మాట్లాడి రికార్డు చేసుకోండి. పెద్ద ఇతివృత్తాల జోలికి పోకండి. చూసిందీ, విన్నదీ చాలు. గ్రేడ్ త్రీ పిల్లవాడు తాతయ్యతో వీడియో కాల్ మాట్లాడాక, తాతయ్య ఏమన్నారని వాళ్ళమ్మని ఇంగ్లీషులో అడుగుతాడు. శాశ్వత నివాసం (పీఆర్) వచ్చిన రోజునే ఊళ్ళో పొలం బేరం కుదిరిందని నాన్న ఫోన్ చేస్తాడు. కూతురి పురిటికి వచ్చిన తల్లి రోజంతా కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

ఈ చివరిదాన్నే తీసుకోండి. కథ ఎలా మొదలుపెట్టాలన్న బెంగ కాసేపు మరిచిపోయి ఆ తల్లినే చూడండి. ఆవిడ చేతిలో ఏముంది? చిక్కుడుకాయలా, జపమాలా, మనవడి స్వెటరా? నిద్ర పట్టక తెల్లవారుజామున మూడింటికే లేచిన మనిషి, కూతురూ అల్లుడూ నిద్రలేవకూడదని కుక్కర్ పెట్టకుండా కూర్చుంది. ఎదురింటాయన డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోస్తున్నాడు. ఈవిడ చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు. మూడోరోజున ఆయన కనిపించలేదు. చూశారా, ఆయన ఏమయ్యాడో తెలుసుకోవాలని మీకూ ఉంది! అదే రాయండి. ఆవిడ పేరూ, కథకి పేరూ తర్వాత చూసుకోవచ్చు.

'సమయం దొరకదు, ఇంట్లో నిశ్శబ్దం ఉండదు' అన్న మాట కూడా తరచుగా వింటాను. ఏకాంతంలో రాయడం అలవాటైన మాంట్‌గోమరీ 1901లో హాలిఫాక్స్‌లోని ఒక పత్రికాఫీసులో ఉద్యోగానికి చేరింది. టెలిఫోన్లు మోగుతుండగా, మనుషులు అటూ ఇటూ తిరుగుతుండగా తన సొంత రచన చేసుకోవడం అక్కడే నేర్చుకుంది. మీకు దొరికే ఇరవై నిమిషాలు హాకీ ప్రాక్టీసు దగ్గర పార్కింగ్‌లో దొరికితే అక్కడే రాయండి.

మన తెలుగువాళ్ళకి, ముఖ్యంగా దేశం విడిచి వచ్చినవాళ్ళకి, ఇంకో భయం ఉంటుంది. నా తెలుగు సరిపోతుందా, చదివినవాళ్ళు నవ్వరు కదా అని. రావిశాస్త్రి గారి వాక్యంతోనో చాసో గారి వాక్యంతోనో మన మొదటి వాక్యాన్ని పోల్చుకుంటే చెయ్యి ఆడదు మరి. కానీ మహామహుల తొలి రాతలు ఎలా ఉండేవో కూడా తెలుసుకోవాలి. గురజాడ వారి కన్యాశుల్కం 1892లో ప్రదర్శన అయింది, 1897లో అచ్చయింది. అక్కడితో ఆయన ఊరుకోలేదు. తిరగరాసి, బాగా పెంచి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఈనాడు మనం నెత్తిన పెట్టుకుంటున్న నాటకం ఆ రెండోదే. మధురవాణి అంత గొప్ప పాత్రగా ఎదిగింది కూడా అందులోనే. అంతటివారు అచ్చయిన నాటకాన్నే మళ్ళీ రాసుకున్నారు. మీ మొదటి చిత్తుప్రతి నుంచి అంతకంటే ఎక్కువ ఆశించడం మీకు మీరే చేసుకునే అన్యాయం. మాట తట్టకపోతే ఇంగ్లీషు మాటే పెట్టి ముందుకి సాగండి. అమ్మకి ఫోన్ చేసినప్పుడు అడిగి మార్చుకోవచ్చు.

గడువు ఉంటే తప్ప కదలని స్వభావమైతే గడువు పెట్టుకోండి. వాంకూవర్‌లో 1977లో ఒక పోటీ పుట్టింది. లేబర్ డే వారాంతం మూడు రోజుల్లో నవల రాసెయ్యాలి. రూపురేఖలు ముందే సిద్ధం చేసుకోవచ్చు, అసలు రాత మాత్రం ఆ మూడు రోజుల్లోనే. చెరిపేస్తూ కూర్చునే వ్యవధి ఎవరికీ ఉండదు. మనకైతే వంగూరి ఫౌండేషన్ వారి ఉగాది రచనల పోటీ ఉండనే ఉంది. దాని ఆఖరి తేదీని మీ క్యాలెండర్‌లో ఎక్కించండి.

ఇక చివరగా, ఎక్కడ ఆపాలన్నది. 1920ల మొదట్లో టొరంటో స్టార్ పత్రికకి రాసిన హెమింగ్వే, తర్వాత ఏం జరగబోతోందో తెలిసినచోటే ఆ రోజు పని ఆపేవాడు. ఇది తప్పకుండా పాటించండి. కిటికీ దగ్గరి తల్లి కోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని, ఎదురింటి తలుపు తట్టబోతోందనుకోండి. తట్టనివ్వకండి. ఫైలు మూసేసి పడుకోండి. రేపు రాత్రి మళ్ళీ కూర్చున్నప్పుడు రాయాల్సిన మొదటి వాక్యం ఏమిటో మీకు ముందే తెలిసి ఉంటుంది.