రెప్పపాటులో రూపం

పాఠ్యభాగ ఉద్దేశం

ఆటను చూడటం వేరు, ఆటను చిత్రంలో నిలపడం వేరు. మిక్కిలి వేగంగా సాగే బ్యాడ్మింటన్ క్రీడను ఛాయాచిత్రంలో పట్టుకోవడానికి కావలసిన పరిజ్ఞానాన్ని, ఏకాగ్రతను, నిజాయతీని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గోదావరి సీమలో బ్యాడ్మింటన్ అనేవారికన్నా షటిల్ అనేవారే ఎక్కువ. రెండు గుంజలకు తాడు కట్టి, వీధిదీపం వెలుగులో పిల్లలు ఆడుకొనే ఆట అది. తెల్లవారుజామున పెద్దలు క్లబ్బులకు చేరి ఆడే ఆట కూడా అదే. ఈ నేలపై పుట్టి ప్రపంచస్థాయికి ఎదిగిన క్రీడాకారులు ఉన్నారు. కిదాంబి శ్రీకాంత్ 1993లో రావులపాలెంలోను, రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000లో అమలాపురంలోను జన్మించారు. నాడు తూర్పు గోదావరి జిల్లాకు చెందిన ఈ రెండు ఊళ్లు 2022 నుంచి కోనసీమ జిల్లాలో ఉన్నాయి. అదే సంవత్సరం మే 15న బ్యాంకాక్‌లో భారత పురుషుల జట్టు ఇండోనేసియాను 3–0 తేడాతో ఓడించి తొలిసారిగా థామస్ కప్పును గెలుచుకొంది. ఆనాటి రెండో మ్యాచిని సాత్విక్, చిరాగ్ శెట్టి జంట గెలవగా, మూడో మ్యాచిని గెలిచి శ్రీకాంత్ విజయాన్ని పూర్తిచేశాడు.

ఇటువంటి ఆటను ప్రత్యక్షంగా చూడగలిగేవారు కొద్దిమందే. తక్కినవారికి ఆ దృశ్యానుభవాన్ని అందించేవి పత్రికలు, తెరలు. తెరమీద బొమ్మ కదిలిపోతుంది. ఛాయాచిత్రం మాత్రం నిలిచి ఉంటుంది. ఒక ఆటగాడి శరీరం గాలిలో ఎలా వంగింది, చేయి ఎంత ఎత్తుకు లేచింది, కన్ను ఎటు చూసింది అనే సంగతులను తీరికగా పరిశీలించే అవకాశం ఛాయాచిత్రమే ఇస్తుంది. అందుకే క్రీడాచిత్రం వార్తకు అలంకారం కాదు, వార్తలో భాగం.

అయితే వేగంగా సాగే ఆటను కదలని చిత్రంలో నిలపడం ఎలా? ఖరీదైన కెమెరా ఉంటే చాలునా? చాలదు. ఆట తెలిసినవాడికే ఆ క్షణం చిక్కుతుంది. దీనికి కారణం ఆట స్వభావంలోనే ఉంది.

షటిల్ మిక్కిలి తేలికైనది. పదహారు ఈకలను బెండులో గుచ్చి తయారుచేసే దీని బరువు 4.74 గ్రాముల నుంచి 5.50 గ్రాముల వరకు ఉంటుంది. బ్యాటు తగిలిన క్షణంలో అది మెరుపులా దూసుకుపోతుంది. వెంటనే ఈకలకు గాలి అడ్డుతగిలి వేగం తగ్గుతుంది. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకా పట్టణంలో ప్రత్యేకంగా జరిపిన వేగపరీక్షలో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగాన్ని అందుకొంది. పురుషుల విభాగంలో అది గిన్నిస్ రికార్డుగా నమోదైంది. అంతకుముందు మలేసియా క్రీడాకారుడు తాన్ బూన్ హియాంగ్ 2013లో నెలకొల్పిన రికార్డు 493 కిలోమీటర్లు.

గంటకు 565 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 157 మీటర్లు. కెమెరాలోని షట్టర్ సెకనులో వెయ్యోవంతు కాలం మాత్రమే తెరచుకొందనుకొన్నా, ఆ అత్యల్ప వ్యవధిలోనే షటిల్ దాదాపు 16 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. అంటే తన పొడవుకు దాదాపు రెండింతల దూరం. చిత్రంలో అప్పుడు కనిపించేది షటిల్ కాదు, ఒక తెల్లని చార. పోటీలలో వేగం ఇంతకంటే తక్కువగానే ఉన్నా, చిక్కు మాత్రం ఇటువంటిదే. కనుక షట్టర్ వేగం ఇంకా పెంచాలి. పెంచినకొద్దీ కెమెరాలోకి వెలుగు తగ్గుతుంది. ఇది మొదటి చిక్కు.

రెండో చిక్కు ఆటస్థలంలో ఉంది. షటిల్‌ను గాలి తోసివేస్తుంది కాబట్టి అంతర్జాతీయ పోటీలు మూసిన హాలులోనే జరుగుతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండతో పోలిస్తే అక్కడి దీపాల వెలుగు సుమారు నూరోవంతు మాత్రమే. వెలుగు చాలకపోతే ఫ్లాష్ వాడవచ్చు గదా అనిపిస్తుంది. కాని పోటీలలో ఫ్లాష్ వాడకాన్ని అనుమతించరు. ఆటగాడు తల పైకెత్తి షటిల్‌ను చూస్తున్నప్పుడు కళ్లలో మెరుపు పడితే పాయింటు పోవచ్చు, ఆటే తారుమారు కావచ్చు. తన చిత్రం కోసం ఎదుటివాడి ఆటను చెడగొట్టే హక్కు ఛాయాగ్రాహకుడికి లేదు. అందువల్ల ఎక్కువ వెలుగును లోనికి రానిచ్చే పెద్ద లెన్సులను వాడి, కెమెరా గ్రాహకశక్తిని పెంచుకొని అతడు పని నడుపుకోవాలి. గ్రాహకశక్తిని మరీ పెంచితే చిత్రం ఇసుక చల్లినట్లు గరుకుగా వస్తుంది. పాత హాళ్లలో మరొక ఇబ్బంది కూడా ఉంది. విద్యుత్ ప్రవాహం కారణంగా అక్కడి దీపాల వెలుగు సెకనుకు నూరుసార్లు హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. కంటికి తెలియని ఆ మార్పు వేగవంతమైన షట్టర్‌కు తెలుస్తుంది. ఒక చిత్రం వెలుగుతో, మరుసటి చిత్రం మసకగా రావడానికి కారణం అదే.

సెకనుకు ఇరవై చిత్రాలు తీయగల కెమెరాలు నేడు ఉన్నాయి. మీట నొక్కి ఉంచితే వాటిలో ఒకటి సరిగ్గా రాదా అని సందేహం కలుగవచ్చు. గంటకు 300 కిలోమీటర్ల స్మాష్‌ను ఉదాహరణగా తీసుకొందాం. రెండు చిత్రాల నడుమ సెకనులో ఇరవయ్యోవంతు విరామం ఉంటుంది. ఆ వేగమే నిలిస్తే ఆ విరామంలో షటిల్ నాలుగు మీటర్లు దాటిపోతుంది. మొదటి చిత్రంలో బ్యాటు ఇంకా షటిల్‌ను తాకదు. రెండో చిత్రంలో షటిల్ ఎక్కడో ఉంటుంది. అసలైన క్షణం రెండింటి నడుమ జారిపోతుంది.

పోనీ, బ్యాటు శబ్దం విని మీట నొక్కుదామా? చూసిన దానికి, విన్న దానికి మనిషి చేయి స్పందించడానికి సెకనులో అయిదోవంతుకు అటూ ఇటూ కాలం పడుతుంది. శబ్దం విన్న తరువాత తీసిన చిత్రం ఆలస్యమైన చిత్రమే. కాబట్టి దెబ్బ పడటానికి ముందే మీట నొక్కాలి. అంటే జరిగినదాన్ని కాక, జరగబోయేదాన్ని చిత్రించాలి. ఇక్కడ అక్కరకు వచ్చేది ఆటతో ఉన్న పరిచయమే.

అనుభవం గల ఛాయాగ్రాహకుడు షటిల్ వెంట కెమెరాను తిప్పడు. దాన్ని కొట్టబోయే మనిషి మీద నిలుపుతాడు. జంటల ఆటలో దాడి చేసే జట్టు ఒకరి వెనుక ఒకరుగా నిలుస్తుంది. ఎదుర్కొనే జట్టు పక్కపక్కన నిలుస్తుంది. ప్రత్యర్థి షటిల్‌ను పైకి లేపాడంటే వెనుక ఉన్నవాడు ఎగిరి స్మాష్ కొట్టబోతున్నాడని గ్రహించాలి. సాత్విక్, చిరాగ్ జంటలో ఆ పని తరచుగా సాత్విక్‌ది. అతడి మోకాళ్లు వంగడం, ఎడమచేయి షటిల్ వైపు లేవడం, నడుము వెనుకకు విరగడం వరుసగా జరుగుతాయి. ఆ వరుస తెలిసినవాడు తరువాతి ఘట్టానికి సిద్ధంగా ఉంటాడు. చతురంగంలో ఎదుటివాడి ఎత్తును ముందే ఊహించడం వంటిది ఈ నేర్పు.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. కోర్టు పొడవు 13.4 మీటర్లు. నడుమ నెట్టు ఎత్తు 1.524 మీటర్లు. కోర్టు చివర కూర్చుంటే దగ్గరి ఆటగాడి వీపు, దూరపు ఆటగాడి ముఖం కనిపిస్తాయి. నెట్టు దగ్గరకు వంగి ఆడేవాడి ముఖాన్ని నెట్టే కప్పివేస్తుంది. నేలకు దగ్గరగా కూర్చుని తీస్తే ఆటగాడు ఎగిరిన ఎత్తు స్పష్టమవుతుంది. ఏ చోటా సంపూర్ణం కాదు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి.

ఈ కళలో ఒక విచిత్రం ఉంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న కెమెరాలలో చిత్రం తీసే క్షణాన లోపలి అద్దం పైకి లేచి, చూసే కంటికి చీకటి కమ్ముతుంది. అంటే చిత్రానికి చిక్కిన క్షణాన్ని దాన్ని తీసినవాడు చూడలేదన్నమాట. చూశానని అతడు అనుకొన్న క్షణమైతే చిత్రానికి చిక్కనేలేదు. అద్దం లేని నేటి కెమెరాలు ఈ లోపాన్ని తొలగించాయి. కాని కంటికి అందనిదాన్ని చూపడమనే ఈ కళాధర్మం మారలేదు. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరుస కెమెరాలతో చిత్రించాడు. పరుగులో ఒక దశలో నాలుగు గిట్టలూ నేలను వీడుతాయని, అయితే చిత్రకారులు గీసినట్లు కాళ్లు ముందు వెనుకలకు చాచినప్పుడు కాక, పొట్ట కిందికి ముడిచినప్పుడే అలా జరుగుతుందని ఆ చిత్రాలు రుజువుచేశాయి. కన్ను నమ్మిన అబద్ధాన్ని ఛాయాచిత్రం సరిదిద్దింది.

సరిదిద్దగల సాధనమే అబద్ధం చెప్పనూ గలదు. బ్రహ్మాండంగా ఎగిరిన ఆటగాడి చిత్రం దొరికి, అందులో షటిల్ లేకపోతే? వేరొక చిత్రంలోని షటిల్‌ను కంప్యూటరు సాయంతో తెచ్చి అతికించడం నేడు తేలిక. చూసేవారు కనిపెట్టలేకపోవచ్చు కూడా. అయినా వార్తాచిత్రానికి ఆ స్వేచ్ఛ లేదు. వెలుగును సవరించవచ్చు, అంచులను కత్తిరించవచ్చు. లేనిదాన్ని చేర్చకూడదు, ఉన్నదాన్ని చెరపకూడదు. ఒక్క కృత్రిమ చిత్రం బయటపడితే, ఎంతో ఓర్పుతో తీసిన వంద నిజమైన చిత్రాలు కూడా సందేహానికి గురవుతాయి. షటిల్ లేని నిజమైన చిత్రం, షటిల్ అతికించిన అందమైన చిత్రం కన్నా విలువైనది.

జయాపజయాలు రెండూ ఆటలోనివే. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో సాత్విక్, చిరాగ్ మొదటి గేమును గెలిచి కూడా మలేసియా జంట చేతిలో ఓడిపోయారు. అటువంటి సమయంలో ఓడినవారి ముఖాలను చిత్రించడం ఛాయాగ్రాహకుడి విధి. వారిని నవ్వులపాలు చేయడం మాత్రం కాదు. చివరి పాయింటుతో ఆట ముగుస్తుందేమో గాని అతడి పని ముగియదు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ గెలిచి, కోర్టు మీదనే వాలి కన్నీరు పెట్టుకొంది. ఓడిన పి.వి. సింధు ఆమె దగ్గరకు వెళ్లి ఆలింగనం చేసుకొంది. ఆట అయిపోయిందని కెమెరా దించినవాడికి ఆ క్రీడాస్ఫూర్తి దక్కదు.

మహాభారతంలోని నలోపాఖ్యానాన్ని రాజమహేంద్రవరంలో నన్నయ తెనిగించాడు. దమయంతీ స్వయంవరానికి దేవతలు నలుని రూపంతోనే వస్తారు. అసలు నలుని ఆమె గుర్తించినది మానవ లక్షణాల వల్ల అని భారతకథ. దేవతలు రెప్పవాల్చని అనిమిషులు. వారికి చెమట పట్టదు, నీడ ఉండదు, పాదాలు నేలను తాకవు. రెప్పపాటు, చెమట, నీడ గలవాడు నలుడు. దమయంతి వరించింది ఆ మనిషినే. ఎగిరి స్మాష్ కొట్టే ఆటగాడి పాదాలు ఒక లిప్తకాలం నేలను వీడుతాయి. ఆ క్షణంలో అతడు మానవాతీతుడిగా కనిపిస్తాడు. కాని నుదుటి చెమట, బిగిసిన దవడ, కింద పడిన నీడ అతడు మనిషేనని చెబుతాయి. మంచి క్రీడాచిత్రం ఈ రెండింటినీ కలిపి చూపుతుంది. కెమెరా కంటికి రెప్ప లేదు. ఆ కన్ను ఎప్పుడు తెరచుకోవాలో నిర్ణయించేది మాత్రం ఆటను ప్రేమించి, ఆటగాణ్ణి గౌరవించే మనిషే.

కఠిన పదాలు – అర్థాలు

గుంజ : పాతిన కర్ర, రాట
గ్రాహకశక్తి : గ్రహించే శక్తి
ప్రత్యర్థి : ఎదుటి పక్షంవాడు
కృత్రిమం : సహజం కానిది, కల్పించినది
ఉపాఖ్యానం : పెద్ద కథలో వచ్చే చిన్న కథ
అనిమిషులు : రెప్పపాటు లేనివారు, దేవతలు
లిప్త : అతి స్వల్పమైన కాలం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. బ్యాడ్మింటన్ పోటీలను చిత్రించడంలో ఎదురయ్యే ఇబ్బందులను వివరించండి.
2. “ఆట తెలిసినవాడికే ఆ క్షణం చిక్కుతుంది.” పాఠం ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పోటీలలో ఫ్లాష్ వాడకాన్ని ఎందుకు అనుమతించరు?
2. మైబ్రిడ్జ్ చిత్రాలు ఏ విషయాన్ని రుజువుచేశాయి?
3. వార్తాచిత్రంలో చేయదగిన, చేయకూడని మార్పులు ఏవి?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. షటిల్‌లో ఎన్ని ఈకలు ఉంటాయి?
2. భారత పురుషుల జట్టు థామస్ కప్పును తొలిసారి ఎప్పుడు గెలిచింది?
3. దేవతలకు అనిమిషులని పేరు ఎందుకు వచ్చింది?

IV. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
ప్రత్యర్థి, ఏకాగ్రత, నలోపాఖ్యానం, అత్యల్పం

V. కింది పదాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసం పేరు తెలపండి.
జయాపజయాలు, పదహారు ఈకలు, క్రీడాస్ఫూర్తి

VI. మీ కళాశాలలో జరిగే ఒక ఆటల పోటీని చిత్రించి, ఒక్క చిత్రాన్ని ఎంచుకొని, దానికి అయిదు వాక్యాలలో వ్యాఖ్య రాయండి.