కాలం చెల్లిన రివాల్వరే కదా అనుకోకండి

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 1851 నాటి కోల్ట్ రివాల్వర్‌కు అచ్చంగా నకలు ఒకటి కొన్నాడు. లైసెన్స్ అడగలేదట, పార్సిల్‌లో ఇంటికే వచ్చిందట. ఈసారి వచ్చేటప్పుడు తెచ్చి మా హాల్లో అద్దాల బీరువాలో పెడతానంటున్నాడు. ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

జవాబు: చాలా ఇబ్బంది ఉంటుంది. తేవద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.

మీ అబ్బాయి మాటలో అబద్ధం లేదు. అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం ప్రకారం 1898 వరకు తయారైన తుపాకులు పురాతన ఆయుధాలు. ఫెడరల్ చట్టం వాటిని మామూలు తుపాకులుగా లెక్కించదు. ఇప్పటి తూటాలు పేల్చేలా చేయనంతవరకు వాటి నకళ్లకూ అదే మినహాయింపు. అందుకే ఇటలీలోని ఉబెర్టి, పియెట్టా కంపెనీలు చేసే ఈ రివాల్వర్లు అక్కడ చాలా రాష్ట్రాల్లో ఏ తనిఖీ లేకుండా దొరుకుతాయి. అన్ని రాష్ట్రాల్లో కాదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో నకలు రివాల్వర్ కొనాలన్నా పర్మిట్ కావాలి. మరో సంగతి కూడా అబ్బాయికి చెప్పండి. తూటాలు పట్టే సిలిండర్ ఒకటి కొని దానికి బిగిస్తే ఆ మినహాయింపు పోతుంది. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారి దగ్గర మామూలు తుపాకీ ఉండటం, కొద్ది మినహాయింపులు తప్ప, అక్కడ ఫెడరల్ నేరం.

ఇక మన చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టం రెండో సెక్షన్ ఏ కాలం నాటిదని అడగదు, తూటా ఉందా లేదా అనీ అడగదు. పేలుడు పదార్థం బలంతోనో, మరో శక్తితోనో గుండును విసిరేలా తయారైన ఆయుధం ఏదైనా తుపాకీయే. ఈ రివాల్వర్ ఎలా పనిచేస్తుందో చూస్తే సందేహానికి చోటుండదు. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికా పేటెంట్ పొందిన పద్ధతి ఇది. తిరిగే సిలిండర్‌లో ఆరు గదులు. ఒక్కో గదిలో ముందువైపు నుంచి మందు పోసి, సీసపు గుండు పెట్టి, గొట్టం కింద ఉండే లీవర్‌తో లోపలికి దిగ్గొడతారు. గుండు గదికన్నా వెంట్రుకవాసి పెద్దది. అందుకే దిగేటప్పుడు దాని అంచు సన్నని ఉంగరంలా చెక్కుకుపోయి, గది బిగుతుగా మూసుకుంటుంది. సిలిండర్ వెనకవైపు ప్రతి గదికీ ఓ సన్నని గొట్టపు మొన, దానిమీద చిటికెడు పేలుడు మందున్న చిన్న లోహపు టోపీ. సుత్తి దెబ్బకు టోపీ పేలి నిప్పు లోపలికి దూకుతుంది. మందు, గుండు, టోపీ విడివిడిగా ఉండటమే అమెరికా చట్టం చూపే సడలింపుకు ఆధారం. మన చట్టం దృష్టిలో ఆ తేడాకు విలువ లేదు. 1861–65 అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు ఇలాంటి కోల్ట్, రెమింగ్టన్ రివాల్వర్లతోనే పోరాడారు. నకలు అన్నంత మాత్రాన అది బొమ్మ కాదు.

‘పాతకాలపు వాటికి మన దగ్గరా మినహాయింపు ఉందట కదా’ అని చాలామంది అడుగుతారు. ఉంది, 45వ సెక్షన్‌లో. కాకపోతే ఆ ఆయుధం మరమ్మతు చేసినా, చేయకపోయినా పేలే స్థితిలో ఉండకూడదు. పాత వస్తువులుగా దాచుకునే చిన్న తుపాకులకు 2020లో నియమాలను కొంత సడలించిన మాట నిజమే. నిన్నగాక మొన్న ఫ్యాక్టరీలో తయారైన నకలుకు ఆ వయసు ఎక్కడిది? అసలు గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకులను మన చట్టమే పేరుపెట్టి చెప్పింది. పంట కాపలాకు అలాంటి తుపాకీ కావాలంటే లైసెన్స్ ఇవ్వాలని 13వ సెక్షన్‌లో ఉంది. అడవి పందుల నుంచి చేను కాపాడుకునే రైతుకే లైసెన్స్ కావాలంటే, బీరువాలో అలంకారానికి అక్కర్లేదని ఎలా వాదిస్తాం?

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ గురించే. తెచ్చింది అబ్బాయైనా, అతను తిరిగి వెళ్లాక ఆయుధం ఉండేది మీ ఇంట్లో, మీ ఎరుకలో. ఆయుధం తన దగ్గర ఉందన్న ఎరుక, దానిమీద అదుపు ఉంటే చాలు, చేతిలో ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. లైసెన్స్ లేని తుపాకీ కలిగి ఉన్నందుకు, 2019 సవరణ తరువాత, శిక్ష 2 నుంచి 5 ఏళ్ల జైలు, పైగా జరిమానా. ఇక విదేశం నుంచి తేవడానికి పదో సెక్షన్ కింద వేరే లైసెన్స్ ఉండాలి. మందు, టోపీలనైతే అమెరికా విమానాల్లో చేతి సంచిలోనూ, చెకిన్ సామానులోనూ అనుమతించరు.

ఇప్పటికే ఎవరింట్లోనైనా లైసెన్స్ గడువు తీరినది, తాతగారు పోయాక వారసుల దగ్గర మిగిలినది ఉంటే దాచకండి. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోగాని, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరగాని జమచేసి రసీదు తీసుకోండి. అసలు లైసెన్సే లేని ఆయుధమైతే ముందు న్యాయవాదిని కలిసి, ఆయన వెంట ఉండగా అప్పగించండి. చట్టప్రకారం ఆయుధం ఉంచుకోవాలనుకుంటే లైసెన్స్‌కు దరఖాస్తు చేసే హక్కు మీకుంది. జిల్లాల్లో కలెక్టరుకు, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్‌కు పెట్టుకోవాలి. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. ప్రజాహితం దృష్ట్యా చెప్పకూడదనుకుంటే తప్ప అధికారి అవి ఇవ్వాల్సిందే. ఆ ఉత్తర్వుపై 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.