రొట్టె కాల్చుటకు ఏ ఇటుక క్షేమము?

రొట్టె రుచికి పిండి ఎంత ముఖ్యమో, దానిని కాల్చే తలము కూడా అంతే ముఖ్యము. హైదరాబాదులో పురానీ హవేలీ వద్ద 1851లో ప్రారంభమైన మున్షీ నాన్ దుకాణం నలుచదరపు నాన్‌కు ప్రసిద్ధి పొందినది. తందూరులో రొట్టె కాలిన మట్టిగోడకు అంటుకొని కాలును. ఆ మట్టి వేడిని నిలుపుకొని, పిండిలోని తేమను పీల్చుకొనును. ఇంటి ఓవెన్‌లో ఇటుకలు పరచుటలోని సూత్రం కూడా ఇదియే. అయితే వేడికి ఓర్చునది అంతా ఆహారానికి తగినది కాదని విద్యార్థులు గ్రహించవలెను.

మొదట విడువవలసినవి చూద్దాం. గ్లేజు పూత గల టైల్స్‌లో సీసం, కాడ్మియం ఉండవచ్చును. సీసానికి హాని లేని పరిమితి అంటూ ఏదీ తేలలేదు. ఎదిగే పిల్లల మెదడుకు అది శాశ్వత హాని చేయును. పాత ఇంటి ఇటుకలకు ఏ రంగులు అంటినవో తెలియదు. సిమెంటు పలకలు వేడికి పగులును. ఆస్బెస్టాస్ రేకుల పోగులు ఊపిరితిత్తులకు క్యాన్సర్ కలిగించును.

గుడిబండ పేరులోనే బండ ఉన్నది. మన ప్రాంతంలో రాతికి కొరత లేదు. కాని రాతిలో దాగిన నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరియై సుమారు 1,600 రెట్లు వ్యాకోచించును. అందుచేత తడి బండ చిట్లి ముక్కలు ఎగురవచ్చును. పొరలు గల కడప బండకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

ఇక ఎంచుకొనవలసినవి: పూత గాని రంగు గాని లేని, బాగుగా కాలిన, తట్టినప్పుడు ఖంగుమని మ్రోగే కొత్త మట్టి ఇటుక, లేదా కొలుములలో వాడే అగ్ని ఇటుక. అగ్ని ఇటుక కూడా కొత్తదే కావలెను. బాయిలరు నుండి తీసిన పాతది పనికిరాదు.

తెచ్చిన ఇటుకను సబ్బు లేకుండా నీటితో కడిగి, కొన్ని దినములు ఎండబెట్టవలెను. చల్లని ఓవెన్‌లో ఉంచి, 100 డిగ్రీల లోపు రెండు గంటలు వేడిచేసి, పిమ్మట క్రమముగా వేడి పెంచవలెను. వేడి ఇటుకపై నీరు పోయరాదు. కోయవలసివస్తే తడిపి, సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకొని కోయవలెను. ఆ ధూళి ఊపిరితిత్తులకు చెరుపు.

తందూరు మట్టి ఎక్కడిదో నాన్‌బాయికి తెలియును. మన ఇటుక ఎక్కడిదో మనకును తెలియవలెను. పుట్టుక తెలియని పలక ఎంత అందమైనదైనా గోడకే గాని రొట్టెకు తగదు.