ఉంగరం చెప్పిన పాఠం

ఆ ఇంట్లో ఒక వెండి ఉంగరం ఉంది. మధ్యలో రెండు తెల్ల రాళ్లు. వాటి చుట్టూ ఆరు చిన్న ఎర్ర రాళ్లు. తెల్ల రాయిని అటూ ఇటూ తిప్పితే ఆకుపచ్చ, నీలం, నారింజ రంగులు మెరిసేవి.

కొడుకు హైదరాబాదులో తాపీ పని చేస్తాడు. పైసా పైసా కూడబెట్టి భార్య కోసం ఆ ఉంగరం కొన్నాడు. డబ్బాలో పెట్టి పంపాడు. డబ్బాలో ఒక చిన్న కాగితం కూడా ఉంది. అప్పటికి అత్తకూ చదువు రాదు, కోడలికీ రాదు. కాగితాన్ని మడిచి డబ్బాలోనే ఉంచేశారు. ఎర్ర రాళ్లు కెంపులని అత్త ఊరంతా చెప్పుకుంది.

ఏడాది గడిచింది. ఉంగరం నల్లబడింది. ఒక తెల్ల రాయి మసకబారింది. రెండో రాయి సన్నగా, వెంట్రుకంత బీట వేసింది.

అత్త చూసింది. గుండె గుభేలుమంది.

"ఏమే, ఇది మావాడు పంపిన ఉంగరమేనా? పుట్టింటికి పోయి మార్చుకొచ్చావా?" అంది.

కోడలి కళ్లు నిండుకొచ్చాయి.

"నా వేలి నుంచి తీస్తే ఒట్టు అత్తా. గిన్నెలు తోమినా, పొయ్యి దగ్గర కూచున్నా వేలికే ఉంది" అంది.

అత్త నమ్మలేదు. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

అత్త ఆరు నెలలుగా రాత్రి బడికి పోతోంది. అక్షరాలు వచ్చాయి. గుణింతాలు వచ్చాయి. మూడో రోజు ఆమెకు ఆ కాగితం గుర్తొచ్చింది. దీపం దగ్గర కూచుని కూడబలుక్కుంటూ చదివింది.

"వెండి 925. ఎర్ర రాళ్లు గార్నెట్. తెల్ల రాళ్లు ఓపల్. వేడి, యాసిడ్, గరుకు పొడి తగలనీయవద్దు."

చదవడం వచ్చింది. సంగతి మాత్రం సగమే తెలిసింది. తెల్లారగానే ఉంగరం, కాగితం, కోడలిని వెంటబెట్టుకుని కంసాలి ఆచారిగారి దగ్గరికి పోయింది.

ఆచారిగారు భూతద్దం పెట్టి చూశారు.

"ఉంగరం మారలేదమ్మా. లోపలి వైపు చూడండి, 925 అని అచ్చు ఉంది. రాళ్లూ కాగితంలో రాసినవే" అన్నారు.

"మరి నల్లబడిందేం? దొంగ వెండా?"

"మంచి వెండే. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. మిగతా 75 పాళ్లు ఎక్కువగా రాగి. ఉత్త వెండి మెత్తన. గట్టిదనం కోసం రాగి కలుపుతారు. గాలిలోని గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. కోడిగుడ్డులో, ఉల్లిపాయలో కూడా గంధకం ఉంది. ఆ నలుపు పోతుంది."

"ఈ రాళ్ల సంగతి?"

"ఎర్రవి కెంపులు కావు, గార్నెట్లు. మన గోమేదికం కూడా ఆ జాతిదే. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట కొండలో ఎర్ర గార్నెట్లు దొరుకుతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో, వందల ఏళ్ల కిందట, పూసలు చేసింది ఆ రాళ్లతోనే. తెల్లవి ఓపల్. ఆస్ట్రేలియాలో ఎక్కువగా దొరుకుతాయి."

ఆచారిగారు ఇంకా ఇలా చెప్పారు. రాళ్ల గట్టిదనానికి 1 నుంచి 10 దాకా అంకెలు వేస్తారు. వజ్రానికి 10. ఇసుక రేణువుకు 7. గార్నెట్ ఇంచుమించు 7. ఓపల్ 6 దగ్గర ఉంటుంది. అంటే ఇసుక ఓపల్‌ను గీకుతుంది. బూడిదతో, ఇటుక పొడితో గిన్నెలు తోమితే అందులోని ఇసుక రాయి మీద గీతలు పెడుతుంది. అందుకే రాయి మసకబారింది.

ఓపల్ లోపల కొంచెం నీళ్లు ఉంటాయి. సాధారణంగా నూటికి 3 నుంచి 10 పాళ్లు. పొయ్యి సెగ పదేపదే తగిలితే ఆ నీళ్లు తగ్గుతాయి. రాయి బీట వేస్తుంది.

"మసకబారిన రాయికి మెరుగు పెట్టొచ్చు. బీట వేసినదాన్ని మాత్రం అతకలేం" అన్నారు ఆచారిగారు.

దారిలో అత్త చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి దగ్గరికి వచ్చాక అంది:

"తప్పు నాదేనే. కాగితం డబ్బాలోనే ఉంది. చదివేవాళ్లు లేక నీ మీద నింద పడింది. రేపట్నించి నువ్వూ బడికి రా. గిన్నెలు ఇద్దరం కలిసి తోముకుందాం."

కోడలు ఉంగరం తీసి డబ్బాలో పెట్టింది. కాగితం మాత్రం బయటే ఉంచుకుంది. అత్త పక్కన కూచుని మొదటి మాట మీద వేలు పెట్టింది. "వెం... డి" అని చెప్పింది అత్త.

గుర్తుంచుకోండి

1. వంట, గిన్నెలు, బట్టల పని ముందు రాళ్ల ఉంగరం తీసి పెట్టాలి. పొలంలో మందు కొట్టేటప్పుడూ అంతే.
2. చింతపండు, నిమ్మకాయ, బూడిద, పళ్లపొడి వాడొద్దు.
3. గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు కలపాలి. మెత్తని గుడ్డ ముంచి తుడవాలి. వెంటనే పొడి గుడ్డతో అద్దాలి. నానబెట్టొద్దు.
4. ఎండలో ఆరబెట్టొద్దు.
5. వేరే నగలతో కలపకుండా నూలు గుడ్డలో చుట్టి దాచాలి.
6. రాయి కదులుతోందేమో అప్పుడప్పుడు చూసుకోవాలి. కదిలితే కంసాలికి చూపాలి.
7. కొన్నప్పుడు రసీదు అడిగి తీసుకోవాలి. చదివి దాచుకోవాలి.

జవాబులు చెప్పండి

1. వెండి ఎందుకు నల్లబడుతుంది?
2. 925 అంటే ఏమిటి?
3. ఓపల్ రాయి బీట వేయడానికి కారణం ఏమిటి?
4. కోడలి మీద నింద ఎలా తొలగింది?

మీరు చేయండి

మీ ఇంట్లో ఏదైనా వస్తువుతో వచ్చిన కాగితం ఉందా? తీసి చదవండి. అందులో తెలియని మాటలు మూడు రాయండి. రేపు బడిలో అడగండి.