తఖ్దీర్ అనే మాటను ఎక్కడ వాడాలి?

కూతురు అత్తవారింట కష్టాలు పడలేక పుట్టింటికొచ్చి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. ఇంటి పెద్దలు నిట్టూర్చి, “ఏం చేస్తాం బేటీ, నీ తఖ్దీర్ అంతే” అంటారు. అంతటితో మాట ముగిసిపోతుంది. అల్లుడితో మాట్లాడేవారు ఉండరు.

ఇంతకీ తఖ్దీర్ అంటే ఏమిటి? ఈ అరబీ పదానికి మూలధాతువులో కొలవడం, పరిమాణం నిర్ణయించడం, శక్తి కలిగి ఉండటం అనే అర్థాలున్నాయి. అల్లాహ్ ప్రతి వస్తువునూ సృష్టించి దానికొక లెక్క నిర్ణయించాడని దివ్య ఖుర్ఆన్ (25:2) తెలుపుతోంది. సూర్యుని గమనం, చంద్రుని దశలు కూడా ఈ మాటతోనే చెప్పబడ్డాయి (36:38-39). హజ్రత్ దావూద్ (అలైహి) గారికి ఇనుప కవచం కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించిన చోట (34:11) వాడిన క్రియ కూడా ఇదే. గమనించండి, పనివాని చేతిలోని కొలతకూ ఇదే మాట!

నసీబ్, ఖిస్మత్ అనే మాటలకు అరబీలో అసలు అర్థం వాటా. ఇక ‘నా ఖర్మ’ అనడం మనలోనూ అలవాటైపోయింది. అది పూర్వజన్మ ఫలితమనే నమ్మకంతో ముడిపడిన మాట. తఖ్దీర్‌కు అది సాటి రాదు. విధివ్రాత అనడం కొంత నయం.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా షామ్ (సిరియా) దేశానికి బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరేసరికి అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులను సంప్రదించి ఆయన వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధివ్రాత నుండి అల్లాహ్ విధివ్రాత వైపుకే పోతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది విధివ్రాత ప్రకారమే కదా అన్నారు. తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, తెగులున్న ఊరికి వెళ్ళవద్దనీ, ఉన్న ఊళ్ళో తెగులు వస్తే పారిపోవద్దనీ దైవప్రవక్త (సఅసం) చెప్పిన హదీసు వినిపించారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి తిరుగుముఖం పట్టారు (బుఖారీ, ముస్లిం).

నష్టం జరిగాక ‘అలా చేసి ఉంటే’ అని కుమిలిపోకుండా అల్లాహ్ నిర్ణయమని చెప్పుకోవాలన్న హదీసు (ముస్లిం) చాలామందికి తెలుసు. కాని అదే హదీసులో అంతకు ముందు, మేలు చేకూర్చే దాని కోసం పాటుపడాలనీ, అల్లాహ్ సాయం కోరాలనీ, చేతకానితనం వహించకూడదనీ ఉంది. మనం రెండో భాగమే గుర్తుంచుకున్నాం! ఆప్తులు మరణించిన ఇంట్లో తఖ్దీర్ అనే మాట ఓదార్పునిస్తుంది. బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

మరి ఆ కూతురి సంగతో? దంపతుల మధ్య సంబంధం చెడుతుందనే భయముంటే అతని తరఫున ఒకరిని, ఆమె తరఫున ఒకరిని మధ్యవర్తులుగా నియమించమని అన్నిసా సూరా (4:35) ఆదేశిస్తోంది. ఆ ఆదేశం ఇచ్చింది కూడా తఖ్దీర్‌ను నిర్ణయించిన ప్రభువే.