మంగళగిరి: 24 బైట్లు

ఈ సంచికకు పాత విద్యార్థుల పేర్లున్న ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే! పాడైందని చెరిపేయబోయాం. తీరా చూస్తే బైట్లన్నీ భద్రంగానే ఉన్నాయి, చదివే పద్ధతే తప్పు. సరే, సి భాషలో మేమే చదువుదామనుకున్నాం.

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. ‘మంగళగిరి’లో సున్నా, గుడులతో కలిపి 8 సంకేతాలు, అంటే 24 బైట్లు. మొదటిదైన ‘మ’ బైట్లు 224, 176, 174. మొదటి బైటులో చివరి 4 బిట్లు, మిగతా రెండింటిలో చివరి 6 బిట్లే అక్షరానివి. ముందున్న గుర్తు బిట్లను తుడిచేయడమే మాస్కింగ్. 176 అంటే 10110000. దీన్ని 63తో, అంటే 00111111తో & చేస్తే రెండింటా 1 ఉన్నచోటే 1 మిగిలి 00110000, అంటే 48 వస్తుంది. అలాగే 224 & 15 = 0, 174 & 63 = 46. ఇక షిఫ్టింగ్. మొదటిదాన్ని ఎడమకు 12 స్థానాలు జరపాలి (సున్నాను ఎంత జరిపినా సున్నాయే). 48ని 6 స్థానాలు జరిపితే 3072. దానికి 46 కలిపితే 3118. యూనికోడ్‌లో ‘మ’ సంఖ్య అదే.

మాకు మాత్రం ‘మ’ బదులు ® వచ్చింది! ఒక పూటంతా దానికే పోయింది. 176 & 63 << 6 అని రాస్తే సి ముందు 63ని జరిపి, ఆ తర్వాత మాస్కు వేస్తుంది. 128 వస్తుంది. దానికి 46 కలిస్తే 174, అదే ® సంఖ్య. (176 & 63) << 6 అని బ్రాకెట్లు పెట్టాలి, మిగతా బైట్లకూ అంతే.

పెట్టి నడిపాం. తెరమీద పేర్లన్నీ వరసగా తెలుగులో వచ్చాయి. ఆఖరి వరసలో మా వంటామె పేరు కూడా ఉంది.